లాకుల దగ్గర లస్కరు: బి విటమిన్లు, జన్యువులు, మన రక్తనాళాలు

(శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి పుట్టినరోజైన జనవరి 12న భీమవరంలో ఒక రిటైర్డ్ బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప మిగతాదంతా ఉన్నదున్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను గుండె డాక్టర్ని కాదు. మీలో ఎవరికైనా స్టెంటు వెయ్యాలా వద్దా అన్న సందేహం ఉంటే నన్ను అడక్కండి. నేను ల్యాబు మనిషిని. డాక్టర్లు మనిషిని చూస్తారు, నేను ఆ మనిషి రక్తాన్ని చూశాను. నలభై ఏళ్ళు అదే పని. కాబట్టి ఇవాళ కూడా రక్తం దగ్గర్నుంచే మాట్లాడతాను.

మా బావమరిది ఒకడు డాలస్‌లో ఉంటాడు. యాభై రెండేళ్ళు. రెండేళ్ళ క్రితం ఒక రోజు తెల్లవారుజామున ఫోన్ చేశాడు. వాళ్ళకి అది సాయంత్రం లెండి. "బావగారూ, నాకు మ్యుటేషన్ ఉందిట" అన్నాడు. మ్యుటేషన్ అంటే జన్యువులో మార్పు. గొంతులో వణుకు. ఏం మ్యుటేషన్‌రా అంటే, ఒక చిన్న గొట్టంలో ఉమ్మి పోస్టులో పంపితే జన్యువులన్నీ చూసి రిపోర్టు పంపారట. ముప్పై పేజీలు. అందులో ఎర్ర అక్షరాలతో ఎంటీహెచ్ఎఫ్ఆర్ అని ఉంది. పక్కనే గుండె బొమ్మ. కింద, ఈ మందులు వాడండి అని ఒక లిస్టు, పక్కన ధరలు. అమ్మకం ఎప్పుడూ భయం వెనకే వస్తుంది కదండీ.

"సరే, హోమోసిస్టీన్ ఎంత ఉంది?" అన్నాను. "31 బావగారూ." "బి12 ఎంత?" "అది చూడలేదు." ఇదిగో, ఇక్కడ ఆగండి. జన్యువు చూశారు, ముప్పై పేజీలు రాశారు, బి12 మాత్రం చూడలేదు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది. మా వాడి కథ మళ్ళీ చివర్లో చెబుతాను.

హోమోసిస్టీన్ అంటే ఏమిటి? పేరు చూసి భయపడకండి. మీరు పొద్దున తిన్న పెసరట్టులో, నిన్న రాత్రి తిన్న చేపల పులుసులో మాంసకృత్తులు ఉన్నాయి. వాటిలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. శరీరం దాన్ని వాడుకుంటుంది. వాడుకున్నాక మిగిలేది హోమోసిస్టీన్. విషం అనకండి దాన్ని. మధ్యలో వచ్చే సరుకు, అంతే. వచ్చింది వచ్చినట్టు వెళ్ళిపోతే ఏ గొడవా లేదు. వెళ్ళకుండా నిలిచిపోతేనే గొడవ.

మనం కాలవల మనుషులం కదా, కాలవ భాషలోనే చెప్పుకుందాం. హోమోసిస్టీన్‌ని కాలవలో నీళ్ళనుకోండి. పైనుంచి ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. దిగువకి పోవడానికి రెండు తూములున్నాయి. మొదటి తూములోంచి పోయిన నీళ్ళు తిరిగి మెథియోనిన్ అయిపోతాయి, అంటే మళ్ళీ ఎగువ చెరువులోకి ఎత్తిపోసినట్టు. ఆ తూము నడవాలంటే ఫోలేట్ కావాలి, బి12 కావాలి. ఫోలేట్ కూడా ఒక బి విటమినే, మాత్రల్లో ఉండే దాని రూపమే ఫోలిక్ యాసిడ్. ఫోలేట్ ఒక చిన్న కర్బనపు మూటని మోసుకొస్తుంది, బి12 దాన్ని అందుకుని హోమోసిస్టీన్ నెత్తిన పెడుతుంది. రెండో తూము వేరే దారి. అందులోంచి పోయింది వెనక్కి రాదు, సిస్టీన్ అయిపోతుంది. దానికి కావలసింది బి6. రెండు తూముల్లో ఏది మూసుకుపోయినా ఏమవుతుంది? ఎగువన నీళ్ళు నిలుస్తాయి. గట్టు నానుతుంది.

ఆ గట్టే మీ రక్తనాళం. రక్తనాళం లోపలి గోడకి ఒకే ఒక్క కణం మందంలో పొర ఉంటుంది. సిమెంటు పూత లాంటిది కాదది, బతికున్న పొర. నాళం ఎప్పుడు సడలాలో చెప్పేది అదే, రక్తం గడ్డ కట్టకుండా చూసేదీ అదే. హోమోసిస్టీన్ బాగా పెరిగితే ముందు ఆ పొర పని చెడుతుంది.

ఇది ఎవరు కనిపెట్టారు? ఒక పెథాలజిస్టు, అంటే కణజాలాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి జబ్బు వెతికే డాక్టరు. కిల్మర్ మెకల్లీ అని, హార్వర్డ్‌లో ఉండేవాడు. 1968 ప్రాంతంలో ఆయన దగ్గరికి ఒక తొమ్మిదేళ్ళ పిల్ల కేసు వచ్చింది. హోమోసిస్టిన్యూరియా అనే అరుదైన పుట్టుజబ్బు. పుట్టుకతోనే రెండో తూము మూసుకుపోయిన పిల్ల అనుకోండి. ఆ పిల్ల తల్లి ఒక మాట అంది: ఇలాంటి జబ్బుతోనే మా వాళ్ళలో ఒక పిల్లాడు పోయాడు, 1933లో, ఎనిమిదేళ్ళప్పుడు అని. ఎనిమిదేళ్ళ పిల్లాడు పక్షవాతంతో పోవడం! మెకల్లీ ఊరుకోలేదు. ఆసుపత్రి పాత రికార్డులు తవ్వాడు. ముప్పై అయిదేళ్ళ నాటి స్లైడులు దొరికాయి. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఆ పిల్లాడి మెడ ధమని ముసలివాడి ధమనిలా ఉంది.

అక్కడితో ఆగితే అది ఒక వింత కేసు, అంతే. తర్వాత ఆయనకి రెండు నెలల పసివాడి కేసు ఒకటి దొరికింది. వాడిది వేరే లోపం, బి12 వైపు లోపం. అంటే మొదటి తూము. చూడండి తమాషా. రెండూ వేరు వేరు తూములు. మొదటి జబ్బులో మెథియోనిన్ ఎక్కువ ఉంటుంది, రెండో దాన్లో ఎక్కువ ఉండదు. ఇద్దరిలోనూ ఎక్కువగా ఉన్నది ఒక్క హోమోసిస్టీనే. ధమనులు ఇద్దరివీ ఒకలాగే పాడయ్యాయి. అయితే నేరం ఎవరిది? ఇద్దరి దగ్గరా ఉన్నవాడిదేగా! 1969లో పేపరు రాశాడు. నేను విద్యార్థులకి ఈ పేపరు చదివి వినిపించేవాణ్ణి. డబ్బు లేకుండా, పెద్ద మిషన్లు లేకుండా, రెండు స్లైడులు పక్కపక్కన పెట్టుకుని ఆలోచించిన మనిషి.

మరి ఏం జరిగింది? ఏమీ జరగలేదు. ఆ రోజుల్లో అందరి కళ్ళూ కొలెస్టరాల్ మీదే. కొన్నేళ్ళకి ఆయన హార్వర్డ్ ఉద్యోగం కూడా పోయింది. ఇక్కడ నాకు మన ఊరి మనిషే గుర్తొస్తాడు. సుబ్బారావు గారు కూడా హార్వర్డ్‌లో ఏళ్ళ తరబడి పని చేశారు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925 నాటిది, నేను ఎంబీబీఎస్ ఫస్టియర్ ప్రాక్టికల్స్‌లో చేతులు నీలం చేసుకుంటూ చేసిందే. అంత చేసినా వాళ్ళు ఆయనకి పక్కా ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళిపోయారు. అక్కడ ఆయన నడిపిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబులో తయారు చేసింది.

ఆయన ఫోలిక్ యాసిడ్ వెనక ఎందుకు పడ్డారో తెలుసుగా? స్ప్రూ. పేగు తిండిని పీల్చుకోలేని జబ్బు. ఆయన అన్నగారు ఆ జబ్బుతోనే పోయారు. ఆయనకీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో తేరుకున్నారు. ఆ స్ప్రూ రక్తహీనతకి మందు ఫోలిక్ యాసిడ్ అయింది. ఇవాళ ఆశా కార్యకర్త మీ కోడలికి ఇచ్చే ఎర్ర మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది అదే. ఇంకోటి చెప్పాలి. గర్భిణుల రక్తహీనత మీద బొంబాయి మిల్లు కార్మిక స్త్రీల దగ్గర పని చేసి, ఈస్ట్ సారంతో అది తగ్గుతుందని ముందుగా చూపించింది లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ. 1931లోనే. ఆవిడ పేరు మనవాళ్ళు ఎవరూ తలవరు, అందుకని చెప్పాను.

సరే, ఇప్పుడు జన్యువు దగ్గరికి వద్దాం. నిద్రపోకండి, అసలు సంగతి ఇక్కడే ఉంది.

మొదటి తూముకి ఫోలేట్ కావాలన్నాను. మీరు తిన్న ఫోలేట్ తిన్నట్టుగా పనికిరాదు. దాన్ని తగిన రూపానికి మార్చి తూము దగ్గర పెట్టే మనిషి ఒకడుండాలి. లాకుల దగ్గర లస్కరు ఉంటాడు చూడండి, తలుపులు తిప్పేవాడు, అలాగన్నమాట. ఆ లస్కరే ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైము. ఆ ఎంజైముని ఎలా తయారు చెయ్యాలో రాసి ఉన్న జన్యువు మన ఒకటో క్రోమోజోము మీద ఉంటుంది. 1995లో మాంట్రియాల్‌లో రీమా రోజెన్ బృందం ఈ జన్యువులో 677వ అక్షరం దగ్గర కొందరిలో సి బదులు టి ఉందని చూపించింది. ఒక్క అక్షరం. దానివల్ల ఎంజైములో ఒక అమైనో ఆమ్లం మారుతుంది. ఎంజైము కొంచెం బలహీనమవుతుంది, వేడికి తొందరగా చెడుతుంది.

మనకి ప్రతి జన్యువూ రెండు కాపీలు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. రెండింటిలోనూ సి ఉంటే మామూలు. ఒకటి సి, ఒకటి టి అయితే ఎంజైము పని మూడింట రెండు వంతులు ఉంటుంది. రెండూ టి అయితే మూడో వంతే. మ్యుటేషన్ అన్న మాట వినగానే మనవాళ్ళకి సినిమాలు గుర్తొస్తాయి. కానీ యూరప్‌లో నూటికి పది మంది దాకా రెండు టిలతోనే తిరుగుతున్నారు. మెక్సికోలో, ఉత్తర చైనాలో ఇంకా ఎక్కువ. అంత మందికి ఉన్నదాన్ని జబ్బంటామా? ఒకడు పొడుగు, ఒకడు పొట్టి, అలాంటిది. మన దేశంలో రెండు టిలున్నవాళ్ళు చాలా తక్కువ. నూటికి అయిదుగురు కూడా తేలరు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఈ లస్కరు గురించి ఒక ముచ్చట. తలుపు తిప్పడానికి అతని దగ్గర ఒక హ్యాండిల్ ఉంటుంది. ఆ హ్యాండిల్ బి2, అంటే రైబోఫ్లేవిన్‌తో చేసింది. టి రకం లస్కరు చేతిలోంచి అది ఊరికే జారిపోతూ ఉంటుంది. బలహీనత అంటే అదే. మరి బి2 కొంచెం ఎక్కువ దొరికితే? ఒకటి జారినా ఇంకోటి అందుకుంటాడు! ఉత్తర ఐర్లండ్‌లో అల్స్టర్ యూనివర్సిటీ వాళ్ళు ఇదే చేసి చూశారు. రెండు టిలున్న వాళ్ళకి రోజుకి 1.6 మిల్లీగ్రాముల బి2 ఇచ్చారు. అంటే మంచి తిండిలో దొరికేంతే, మందు మోతాదు కూడా కాదు. హోమోసిస్టీన్ తగ్గింది. అంతకంటే ఆశ్చర్యం, పై బీపీ అయిదు పాయింట్లకి పైగా తగ్గింది. మిగతా రకాల వాళ్ళకి ఇస్తే ఏమీ తగ్గలేదు. జన్యువుని బట్టి విటమిన్ పని చెయ్యడమంటే ఇదీ. ముప్పై పేజీల రిపోర్టులో ఇది ఒక్క ముక్క ఉందేమోనని మా బావమరిదిని వెతకమన్నాను. లేదు. బి2 పాలల్లో, పెరుగులో చవగ్గా దొరుకుతుంది కదా, ఎవరమ్ముకుంటారు?

ఇప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్న: హోమోసిస్టీన్ ఎక్కువ ఉంటే గుండెపోటు ఎక్కువ, బి విటమిన్లు ఇస్తే హోమోసిస్టీన్ తగ్గుతుంది, మరి అందరికీ ఇచ్చేస్తే పోలా?

మేమూ అదే అనుకున్నాం. 1990ల్లో మేమందరం అదే అనుకున్నాం. 1992లో అమెరికాలో డాక్టర్ల మీదే చేసిన ఒక పెద్ద పరిశీలనలో హోమోసిస్టీన్ బాగా ఎక్కువున్న డాక్టర్లకి గుండెపోటు ముప్పు మూడింతలు కనబడింది. ఫోలిక్ యాసిడ్ అగ్గిపెట్టె కన్నా చవక. ఇంత చవకైన మందుతో గుండెపోటు ఆగిపోతుందంటే ఎవరికి సంతోషం ఉండదు? నేను కూడా ఓ క్లబ్బులో గంటసేపు మాట్లాడి, అందరి చేతా బి-కాంప్లెక్స్ కొనిపించాను. ఆ రోజు అక్కడున్నవాళ్ళు ఎవరైనా ఇవాళ ఇక్కడుంటే క్షమించాలి.

2006లో రెండు పెద్ద ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. హోప్-2 అనే దాంట్లో 5,522 మంది. అయిదేళ్ళు ఫోలిక్ యాసిడ్, బి6, బి12 మూడూ ఇచ్చారు. హోమోసిస్టీన్ తగ్గింది, అందులో అనుమానం లేదు. గుండెపోట్లు? తగ్గలేదు. నార్వేలో గుండెపోటు వచ్చిన 3,749 మందికి ఇచ్చి చూశారు. అక్కడా తగ్గలేదు, పైగా అన్నీ కలిపి ఇచ్చిన గుంపులో కొంచెం ఎక్కువైనట్టు కూడా కనబడింది. ఆ తర్వాత 2010లో బ్రిటన్‌లో పన్నెండు వేల మంది మీద ఇంకోటి. అదే జవాబు. రిపోర్టు మీద అంకె దిగింది, ధమనిలో మాత్రం ఏమీ మారలేదు.

నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. నవ్వుతున్నారు గానీ నిజమండి. ఒక లెక్క మీద ఇరవై ఏళ్ళు నమ్మకం పెట్టుకుని, అది తప్పిందంటే...

తప్పిందా మరి? పూర్తిగా తప్పలేదు. హోప్-2లోనే ఒక చిన్న సంగతి ఉంది. గుండెపోటు తగ్గలేదు గానీ పక్షవాతం నాలుగో వంతు తగ్గింది. చాలామంది అది యాదృచ్ఛికం అని కొట్టిపారేశారు. తర్వాత చైనా వాళ్ళు ఒక పని చేశారు. బీపీ ఉండి అప్పటిదాకా గుండెపోటు గానీ పక్షవాతం గానీ రాని 20,702 మందిని తీసుకున్నారు. అందరికీ ఒకే బీపీ మందు, ఎనలాప్రిల్. సగం మందికి దానితో పాటు 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్. ప్రతి ఒక్కరి ఎంటీహెచ్ఎఫ్ఆర్ రకం కూడా ముందే చూసి పెట్టుకున్నారు. నాలుగున్నరేళ్ళు నడిపి 2015లో ఫలితం చెప్పారు. ఒట్టి బీపీ మందు వాడినవాళ్ళలో నూటికి 3.4 మందికి పక్షవాతం వచ్చింది, ఫోలిక్ యాసిడ్ కలిపినవాళ్ళలో 2.7 మందికి. పేపర్లలో ఇరవై ఒక్క శాతం తగ్గింది అని రాశారు. అదీ నిజమే. కానీ మీరు ఇంకోలా లెక్కెయ్యండి: వెయ్యి మంది నాలుగున్నరేళ్ళు మాత్ర మింగితే ఏడుగురికి పక్షవాతం తప్పింది. ఏడుగురు అంటే తక్కువా? ఆ ఏడుగురి ఇళ్ళలో అడగండి. ఎక్కువా? మిగతా 993 మందిని అడగండి.

మరి చైనాలో అంత స్పష్టంగా ఎందుకు కనబడింది, కెనడా, అమెరికా వాళ్ళు ఎక్కువగా ఉన్న హోప్-2 లాంటి వాటిలో ఎందుకు కనబడలేదు? ఒక కారణం నాకు బాగా నచ్చుతుంది. అమెరికాలో 1998 నుంచి గోధుమపిండిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి. అది గుండె కోసం కాదు, పుట్టే పిల్లలకి వెన్నెముక లోపాలు రాకుండా. కానీ ఊరందరికీ అందింది. కాలవ నిండా పారుతుంటే ఇంకో బిందె పోసి లాభం ఏముంది? చైనాలో అప్పటికి పిండిలో కలపడం లేదు. అందుకే ఫోలేట్ తక్కువున్నవాళ్ళకి మేలు ఎక్కువ కనబడింది. జన్యువు మీద వచ్చిన పరిశీలనలు కూడా ఇదే మాట చెబుతున్నాయి. 2011లో చాలా దేశాల లెక్కలు కలిపి చూస్తే, రెండు టిలున్నవాళ్ళకి పక్షవాతం ముప్పు ఫోలేట్ తక్కువ తినే ఆసియా దేశాల్లో కనబడింది, ఫోలేట్ బాగా అందే చోట దాదాపు మాయమైంది. అదే జన్యువు, అదే అక్షరం. కంచం మారితే దాని బరువు మారింది.

గుండెపోటు సంగతి వేరు. అక్కడ జన్యువు వల్ల ముప్పు ఉందని మొదట్లో పేపర్లు చాలా వచ్చాయి. తర్వాత 2012లో, అచ్చు కాకుండా బీరువాల్లో ఉండిపోయిన లెక్కల్ని కూడా కలిపి చూశారు. ముప్పు దాదాపు సున్నా. అంటే ఏమైంది? "ఉంది" అన్నవాళ్ళవి అచ్చయ్యాయి, "లేదు" అన్నవాళ్ళవి అవలేదు. ఇది మన వృత్తిలో ఉన్న పాత రోగం. దానికి ఏ విటమినూ లేదు.

బి3 గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నియాసిన్. మంచి కొలెస్టరాల్ పెంచుతుందని పెద్ద మోతాదులో ఏళ్ళ తరబడి వాడారు. 2014లో పాతిక వేల మంది పైన చేసిన ట్రయల్‌లో లాభం కనబడలేదు, షుగరు లాంటి ఇబ్బందులు మాత్రం పెరిగాయి. అక్కడా అంకె బాగుపడింది, మనిషి బాగుపడలేదు.

ఇప్పుడు మన సంగతి. మన తెలుగువాళ్ళ సంగతి, భారతదేశం సంగతి. రెండు టిలున్నవాళ్ళు మనలో తక్కువ అన్నాను. మరి హోమోసిస్టీన్ ఎంత ఉంది మనకి? 2006లో పూణెలో యాజ్నిక్ గారి బృందం 441 మంది మగవాళ్ళ రక్తం చూసింది. పల్లెటూరి వాళ్ళు, మురికివాడల వాళ్ళు, పట్నం మధ్యతరగతి. సగానికి పైగా మందికి హోమోసిస్టీన్ 15 దాటింది. పదిహేను పైన ఉంటే ఎక్కువని లెక్క. మూడింట రెండు వంతుల మందికి బి12 తక్కువ. అందులోనూ అన్నిటికంటే అధ్వాన్నం ఎవరిదనుకున్నారు? మురికివాడ వాళ్ళది కాదు, మధ్యతరగతి వాళ్ళది. జీతం పెరిగిన కొద్దీ బి12 తగ్గిందా అని నేను క్లాసులో అడిగితే ఒక పిల్లాడు లేచి, "వాళ్ళు చేతులు బాగా కడుక్కుంటారు సార్" అన్నాడు. అది తప్పు జవాబేం కాదండోయ్. బి12ని చెట్టూ చెయ్యదు, జంతువూ చెయ్యదు. సూక్ష్మజీవులే చేస్తాయి. మనకి పాలు, గుడ్లు, చేపలు, మాంసం ద్వారా వస్తుంది. ఆకుకూరల్లో లేదు, పప్పుల్లో లేదు.

అంటే మన కాలవలో పాడైంది లస్కరు కాదు. లస్కరు వచ్చాడు, తలుపు ఎత్తాడు. అవతల మూట అందుకోవాల్సిన బి12 లేడు. డ్యూటీకి రాలేదు. ఇక లస్కరుని ఎన్ని తిడితే ఏం లాభం?

భీమవరం వాళ్ళకి చేపలుండగా ఈ బెంగ ఏమిటంటారేమో. చేపలు తినేవాళ్ళకి నిజంగానే బెంగ తక్కువ. కానీ చెరువులున్న ఊళ్ళో అందరూ చేపలు తింటారా? శాకాహారులున్నారు. కార్తీకం, మాఘం, గురువారం, శనివారం అని లెక్కేసుకుంటే ఏడాదిలో సగం రోజులు తినని వాళ్ళున్నారు. అరవై దాటాక కడుపులో యాసిడ్ తగ్గి, తిన్నది కూడా సరిగా ఒంటబట్టని వాళ్ళున్నారు. ఇంకా రెండు మందులున్నాయి. షుగరుకి వేసుకునే మెట్‌ఫార్మిన్, గ్యాసుకి పరగడుపున వేసుకునే పాంటప్రజోల్. ఏళ్ళ తరబడి వాడితే రెండూ బి12ని సరిగా లోపలికి పోనివ్వవు. ఈ హాల్లో రెండూ వాడుతున్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తక్కర్లేదు, నాకు కనబడుతూనే ఉంది. నేనూ ఒకణ్ణి.

మరి మా బావమరిది? శాకాహారి. పదేళ్ళుగా మెట్‌ఫార్మిన్. గ్యాసు మాత్ర అయితే మింట్లు చప్పరించినట్టు. బి12 చూపించమంటే చూపించుకున్నాడు. 110 వచ్చింది. రెండొందల లోపు ఉంటేనే తక్కువంటాం. అరికాళ్ళు తిమ్మిర్లు కూడా ఉన్నాయట, షూ బిగుతనుకున్నాడు. అక్కడి డాక్టరు ఇంజెక్షన్లు ఇచ్చి తర్వాత మాత్రల్లో పెట్టాడు. మూడు నెలలకి హోమోసిస్టీన్ 31 నుంచి 12కి దిగింది. మళ్ళీ ఫోన్. "మరి మ్యుటేషన్ సంగతేంటి బావగారూ?" అది ఒకటి సి, ఒకటి టి. అలాగే ఉంది, అలాగే ఉంటుంది. అమెరికాలో జన్యు వైద్యుల సంఘమే 2013లో చెప్పింది, రక్తం గడ్డలు కట్టే ముప్పు తెలుసుకోవడానికి ఎంటీహెచ్ఎఫ్ఆర్ పరీక్షని మామూలుగా రాయొద్దని.

ఇంకొకటి, ల్యాబు మనిషిగా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. హోమోసిస్టీన్ పరీక్షకి వెళితే ఊదా మూత ఉన్న గొట్టంలో రక్తం తీస్తారు. తీశాక ఆ గొట్టాన్ని ఐసులో పెట్టాలి, గంటలోపు మిషన్లో గిర్రున తిప్పి ప్లాస్మా వేరు చెయ్యాలి. ఎందుకు? గొట్టంలోకి వచ్చాక కూడా ఎర్ర కణాలు బతికే ఉంటాయి, హోమోసిస్టీన్ వదులుతూనే ఉంటాయి. బయట పెడితే గంటకి నూటికి పది వంతుల చొప్పున పెరుగుతుంది. ఇంటికొచ్చి రక్తం తీసే కుర్రాడు పది ఇళ్ళు తిరిగి, ఎండలో బండి డిక్కీలో పెట్టుకుని మధ్యాహ్నానికి ల్యాబుకి చేరిస్తే, పన్నెండు ఉన్నది పద్దెనిమిది అవుతుంది. మీరు జన్యువుని తిట్టుకుంటారు. తప్పు బండి డిక్కీది. ఐసు పెట్టావా బాబూ అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

తిండి గురించి ఎవరో చీటీ పంపారు. ఆకుకూర ఉడికించి నీళ్ళు వార్చేస్తే ఫోలేట్ దాదాపు సగం ఆ నీళ్ళతోనే పోతుంది. తోటకూరైనా, పాలకూరైనా, మూత పెట్టి దాని నీళ్ళలోనే మగ్గనివ్వండి. పెసలు, శనగలు, బొబ్బర్లలో కూడా ఫోలేట్ బాగానే ఉంటుంది. పప్పు కట్టు పారబొయ్యకండి, చారు పెట్టుకోండి. మన పెద్దాళ్ళు అలాగే పెట్టేవారు, వాళ్ళకి ఫోలేట్ సంగతి తెలిసి కాదు, పారబొయ్యడం ఇష్టం లేక.

రెండో చీటీ: స్పైరులినా మాత్రలో బి12 ఉందటగా, శాకాహారులం వేసుకోవచ్చా? వేసుకోవచ్చు, బి12 కోసం మాత్రం వద్దు. అందులో ఎక్కువగా ఉండేది బి12 లాగే కనబడే నకిలీ. తాళం చెవి తాళంలో దూరుతుంది గానీ తిరగదు. పెద్ద గ్లాసు పాలలో ఒక మైక్రోగ్రాము ఉంటుంది, గుడ్డులో అర మైక్రోగ్రాము. రోజుకి కావలసింది రెండు, రెండున్నర. పాలు, పెరుగు కూడా సరిగా తీసుకోని శాకాహారులు డాక్టర్ని అడిగి మాత్ర వాడుకోవడమే మేలు.

మూడోది మంచి ప్రశ్న: అయితే ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే నష్టమేంటి? నష్టం ఉంది. బి12 లోపం ఉన్న మనిషికి ఒట్టి ఫోలిక్ యాసిడ్ పెద్ద మోతాదులో ఇస్తే రక్తం పెరుగుతుంది, ఒళ్ళు తేలికపడుతుంది, మనిషి బాగయ్యాననుకుంటాడు. లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అందుకని ముందు బి12 చూసుకోవాలి. అలాగే బి6 కూడా, మంచిదే కదా అని రోజుకి వంద మిల్లీగ్రాములు ఏళ్ళ తరబడి మింగితే అదే తిమ్మిర్లు తెస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళయితే ఇంకా జాగ్రత్త. షుగరు వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి పెద్ద మోతాదు బి విటమిన్లు ఇచ్చిన ఒక ట్రయల్‌లో, 2010లో, కిడ్నీలు ఇంకా తొందరగా పాడయ్యాయి. నీళ్ళలో కరిగే విటమినేగా, ఎక్కువైతే పోతుందిలే అనకండి.

ఏమిటమ్మా? మెట్‌ఫార్మిన్ మానెయ్యాలా? వద్దమ్మా, వద్దు. దయచేసి ఇంటికెళ్ళి ప్రొఫెసరు గారు మానెయ్యమన్నారు అని చెప్పకు. షుగరుకి అది మంచి మందు. ఏడాదికోసారి బి12 చూపించుకో, చాలు. మీ ఆయనకి కూడా చూపించు, ఆయన అడగడు. అలాగే బీపీ, సిగరెట్టు, కొలెస్టరాల్, షుగరు, ఇవి ధమనిని పాడు చేసే అసలు మనుషులు. హోమోసిస్టీన్ వాళ్ళ వెనక బల్లలో కూర్చునేవాడు. ముందు బల్ల వాళ్ళని వదిలేసి వీణ్ణి ఒక్కణ్ణే పట్టుకోకండి.

వెనక ఆ అబ్బాయి చెయ్యెత్తి చాలాసేపయింది, రైబోఫ్లేవిన్ గురించేనా? ఆఁ, మన దగ్గర అలాంటి ట్రయల్ చెయ్యొచ్చా అంటున్నాడు. చెయ్యొచ్చు బాబూ, కానీ రెండు టిలున్నవాళ్ళు వంద మంది కావాలంటే మనం కొన్ని వేల మందిని వడకట్టాలి. ఎలా అన్నది... టైం అయిపోయిందంటున్నారు. బయట టీ పెట్టారట, పాలు ఎక్కువ వేసే పెట్టారని చెబుతున్నారు. రా, అక్కడ మాట్లాడుకుందాం.